పెళ్ళి చిట్టా, పేదల పెట్టె: మత సంస్కరణలు ఊరి బతుకును ఎలా మార్చాయి

అందరికీ నమస్కారం.

మత సంస్కరణ అనగానే మన పాఠ్యపుస్తకాల్లో వరస ఒకటే. 1517, విట్టెన్‌బర్గ్, 95 సిద్ధాంతాలు. తర్వాత కాల్విన్, ఎనిమిదో హెన్రీ. చివర్లో ‘ప్రతి సంస్కరణ’, అంటే కథోలికుల ఎదురు సంస్కరణ, అన్న శీర్షిక కింద ట్రెంట్ మహాసభ, జెస్యూట్లు. పరీక్ష రాయడానికి అది చాలు. ఆ కాలంలో ఒక రైతు కూతురికో, మంగలికో, ముష్టివాడికో దీనివల్ల ఏం మారిందని అడిగితే మాత్రం ఆ వరసలో జవాబు దొరకదు.

అందుకని ఈ రోజు సిద్ధాంతాల జోలికి పెద్దగా వెళ్ళను. పెళ్ళి ఎప్పుడు చెల్లుతుంది, బిడ్డకు పేరు ఎవరు పెట్టాలి, లేనివాడికి రొట్టె ఎవరి చేతి మీదుగా అందాలి, ఈ మూడే ముఖ్యంగా మాట్లాడతాను. 1500లో ఇవి ఒక తీరుగా ఉండేవి. 1650 వచ్చేసరికి పశ్చిమ యూరప్‌లో చాలా చోట్ల వేరే తీరుకు వచ్చాయి. మార్చింది ప్రొటెస్టంట్లూ, కథోలికులూ కూడా. ఒకరినొకరు సైతాను సంతానమని తిట్టుకుంటూనే ఇద్దరూ దాదాపు ఒకే పని చేశారు. ఊళ్ళో ప్రతి మనిషినీ చర్చి లెక్కలోకి ఎక్కించారు. నా వాదన ఇంతే.

ముందు పెళ్ళి సంగతి.

పన్నెండో శతాబ్దం నుంచి చర్చి చట్టం ప్రకారం పెళ్ళికి కావలసింది ఇద్దరి సమ్మతి. చర్చి గురువు (ఫాదర్) అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు, అమ్మానాన్నల ఒప్పుదల కూడా అక్కర్లేదు. ‘నిన్ను నా భార్యగా స్వీకరిస్తున్నాను’ అని అతనూ, ‘నిన్ను నా భర్తగా స్వీకరిస్తున్నాను’ అని ఆమే అనుకుంటే ఆ క్షణం నుంచి వాళ్ళు ఆలుమగలు. ‘చేసుకుంటాను’ అంటే అది నిశ్చితార్థం మాత్రమే. కానీ ఆ మాట ఇచ్చుకున్నాక ఇద్దరూ ఒక్కటైతే అదీ పెళ్ళే. పశువుల కొట్టంలో జరిగినా, సత్రం వెనక జరిగినా సరే.

1215లో నాలుగో లాటరన్ మహాసభ, పెళ్ళికి ముందు గుడిలో చాటింపు వేయాలని ఆజ్ఞాపించింది. వేయకపోతే తప్పు, ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. అయినా పెళ్ళి మాత్రం చెల్లుతుంది. చిక్కంతా ఈ ‘తప్పే గానీ చెల్లుతుంది’ దగ్గరే వచ్చింది. మాట ఇద్దరి మధ్యే జరిగింది. కొన్నాళ్ళకు అతను ‘నేనెప్పుడన్నాను’ అంటాడు. ఆమె కడుపుతో చర్చి న్యాయస్థానానికి వస్తుంది. సాక్షి లేడు. ఇంకా పెద్ద చిక్కు మరొకటుంది. ఒకామెను రహస్యంగా చేసుకున్నవాడు తర్వాత పదిమంది ముందు ఇంకొకామెను చేసుకుంటే, దేవుడి దృష్టిలో మొదటామె భార్య. కోర్టు దృష్టిలో రుజువున్న రెండో ఆమె భార్య. ఒకే మనిషిని ధర్మం ఒకవైపు, తీర్పు ఒకవైపు లాగేవి. ఆస్తిపాస్తులున్న కుటుంబాల బాధ వేరు. కొడుకు పనిమనిషితో రెండు మాటలు మాట్లాడి వస్తే వారసత్వమంతా తారుమారవుతుంది.

కాబట్టి పెళ్ళి సంస్కరణ కావాలని గోల పెట్టింది మతాచార్యులే కాదు, తండ్రులు కూడా. ఇది గుర్తు పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఆ 95 సిద్ధాంతాలు రాసిన లూథర్, పెళ్ళిని దివ్యసంస్కారాల (దేవుడి కృప అందించే పవిత్ర కర్మల) జాబితాలోంచి తీసేశాడు. అది లౌకిక వ్యవహారం, దాన్ని చూసుకోవలసింది ప్రభుత్వం అన్నాడు. ఆ మాటను ముందుగా ఆచరణలో పెట్టిన నగరాల్లో జ్యూరిక్ ఒకటి. 1525 మే నెలలో అక్కడ పెళ్ళి కోర్టు పెట్టారు. అందులో ఇద్దరు బోధకులు, నలుగురు నగర సభ సభ్యులు. ఇద్దరు పరువైన సాక్షులు లేకుండా జరిగిన పెళ్ళిని ఇకమీదట ఒప్పుకోమన్నారు. ఇంకో కొత్త సంగతి, వ్యభిచారం లాంటి కారణాలు రుజువైతే విడాకులిచ్చి, నిర్దోషికి మళ్ళీ పెళ్ళి చేసుకునే వీలు కల్పించారు. దీన్ని చూసి ప్రొటెస్టంట్లు స్త్రీలకు స్వేచ్ఛ ఇచ్చేశారని కొందరు రాస్తారు. నాకు ఆ ఉత్సాహం లేదు. విడాకులు దొరికింది అతి కొద్దిమందికి. కోర్టు అసలు పని కాపురాలను రాజీ చేసి వెనక్కి పంపడం.

జెనీవా ఇంకా కట్టుదిట్టం. 1541 నవంబరులో కాల్విన్ రాయించిన చర్చి నిబంధనల ప్రకారం కన్సిస్టరీ అనే సంఘం ఏర్పడింది. నగరంలోని బోధకులు, వాళ్ళతోపాటు 12 మంది పెద్దలు ఉండేవారు. ఈ పెద్దల్ని నగర పాలక సభల నుంచే తీసుకునేవారు: ఇద్దరు చిన్న సభ నుంచి, నలుగురు అరవైమంది సభ నుంచి, ఆరుగురు రెండువందలమంది సభ నుంచి. వారానికోసారి, గురువారం కూర్చునేవారు. దీనికి జైలుశిక్ష వేసే అధికారం లేదు. మందలించవచ్చు, ప్రభురాత్రి భోజనానికి, అంటే గుడిలో పంచే పవిత్రమైన రొట్టె, ద్రాక్షారసాలకు, రావద్దనవచ్చు. అంతకు మించితే నగర సభకు పంపాలి. ఎవరు వచ్చేవాళ్ళు అక్కడికి? మొగుడూపెళ్ళాల గొడవలు, జూదం, నాట్యం, ఇంకా లాటిన్‌లోనే ప్రార్థన గొణుక్కునే ముసలమ్మలు. ‘పరలోక ప్రార్థన ఫ్రెంచిలో చెప్పు’ అని అడిగేవారు. రాకపోతే ఆదివారం పాఠానికి రమ్మనేవారు. 1542 నుంచి 1564లో కాల్విన్ చనిపోయేదాకా ఈ విచారణల చిట్టాలు 21 సంపుటాలయ్యాయి. పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఊరికి ఇది చాలా ఎక్కువ. తర్వాత ప్రాణభయంతో వచ్చిన ఫ్రెంచి శరణార్థులతో ఆ జనాభా దాదాపు రెట్టింపయింది.

జెనీవాలో పెళ్ళి నియమం ఇలా ఉండేది. కొడుక్కి 20, కూతురికి 18 నిండేదాకా తండ్రి ఒప్పుకోవాలి. మూడు ఆదివారాలు చాటింపు. మాట ఇచ్చుకున్నాక ఆరు వారాల్లోపు పెళ్ళి అయిపోవాలి. ఆరు వారాలు ఎందుకంటే, నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య ఎంత ఎడం ఉంటే అన్ని గొడవలు.

ఇక పేర్ల సంగతి. 1546 ఆగస్టులో ఆమీ షప్యూయి అనే మంగలి తన కొడుకును బాప్తిస్మానికి తీసుకొచ్చాడు. క్లాడ్ అని పేరు పెట్టమన్నాడు. ఆ ప్రాంతంలో అందరూ పెట్టుకునే పేరది. జెనీవాకు దగ్గర్లోనే సెయింట్ క్లాడ్ పుణ్యక్షేత్రం ఉంది. బోధకుడు ఒక్క మాట కూడా అడక్కుండా, ‘అబ్రాహాము’ అని బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేశాడు. తండ్రి చటుక్కున బిడ్డను లాక్కున్నాడు. ఈ బాప్తిస్మం బాప్తిస్మమే కాదు, వీడికి పదిహేనేళ్ళు వచ్చాక పేరు వీడే ఎంచుకుంటాడు అన్నాడు. గుడిలో కలకలం. షప్యూయి జైలుకు వెళ్ళాడు. ఆ నవంబరులో నగర సభ నిషిద్ధ నామాల జాబితా ఇచ్చింది: క్లాడ్ వద్దు, ముగ్గురు జ్ఞానుల పేర్లు వద్దు, ఇమ్మానుయేలు వంటి దేవుడి పేర్లు వద్దు, పండగల పేర్లు వద్దు. బోధకులకు ఇది విగ్రహారాధన మీద పోరాటం. షప్యూయికి మాత్రం, ఫ్రాన్సు నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పరదేశి తన తాతతండ్రుల పేరు తప్పని చెప్పడం. ఆ బోధకులు చాలావరకు ఫ్రెంచివాళ్ళే. ఆ గొడవలో మతం ఎంతో, ఊరివాళ్ళు-వలసవాళ్ళు అన్న తగువు అంత.

ఇప్పుడు ట్రెంట్‌కు వద్దాం. 1545 నుంచి 1563 దాకా విడతలు విడతలుగా జరిగిన కథోలిక పీఠాధిపతుల సభ. పెళ్ళి సంగతి చివరిదాకా తేలలేదు. ఎందుకంటే, రహస్య వివాహం నిజమైన దివ్యసంస్కారమేనని చర్చి నాలుగు శతాబ్దాలుగా చెబుతూ వచ్చింది. ఇప్పుడు చెల్లదంటే అప్పుడు అబద్ధం చెప్పినట్టా? లూథర్ పక్షం గెలిచినట్టా? పీఠాధిపతుల్లో కొందరు చివరిదాకా వ్యతిరేకంగానే ఓటేశారు. దొరికిన ఉపాయం తెలివైనది. పాత పెళ్ళిళ్ళు చెల్లుతాయన్నారు. ఇకమీదట గురువు, సాక్షులు లేకుండా ఒప్పందం చేసుకోవడానికి ఆ వ్యక్తులకే అర్హత లేదన్నారు. సమ్మతి విలువ తగ్గించలేదు, మనుషుల అర్హతను కట్టడి చేశారు.

1563 నవంబరు 11న వచ్చిన ఆ శాసనాన్ని తామెత్సి అంటారు. విచారణ గురువు (ఒక గుడి కింద ఉండే ప్రాంతాన్ని ‘విచారణ’ అంటారు) వరుసగా మూడు పండగ రోజుల్లో పూజ మధ్యలో వధూవరుల పేర్లు చాటాలి. అభ్యంతరం లేకపోతే గుడిలో ఇద్దరినీ అడిగి సమ్మతి తెలుసుకోవాలి. గురువుతో పాటు ఇద్దరో ముగ్గురో సాక్షులుండాలి. తర్వాత దంపతుల పేర్లు, సాక్షుల పేర్లు, రోజు, చోటు ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని తన దగ్గర జాగ్రత్త చేయాలి. తల్లిదండ్రుల అనుమతి లేకపోతే పెళ్ళి చెల్లదని చెప్పమని ఫ్రాన్సు రాజు తరఫువాళ్ళు పట్టుబట్టారు, ట్రెంట్ ఒప్పుకోలేదు. ఆ విషయంలో కథోలిక చర్చి, తండ్రుల మాట కాదని, యువతీ యువకుల పక్షాన నిలబడింది. ప్రొటెస్టంట్లు నవీనులు, కథోలికులు ఛాందసులు అనుకునేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. అయితే ఫ్రాన్సు ఊరుకోలేదు. 1557లోనే, 30 ఏళ్ళలోపు కొడుకు, 25 ఏళ్ళలోపు కూతురు చెప్పకుండా పెళ్ళి చేసుకుంటే ఆస్తి ఇవ్వనక్కర్లేదని రాజు శాసనం చేసి ఉన్నాడు. 1579లో బ్లువా శాసనం నలుగురు సాక్షులు ఉండాలంది, పెద్దల్ని కాదని చేసుకున్నదాన్ని అపహరణ కిందకు తెచ్చింది.

తామెత్సిలో రెండు లొసుగులున్నాయి. రెండూ రాసినవాళ్ళ జాగ్రత్త నుంచే పుట్టాయి.

మొదటిది. ఈ శాసనం ఏ విచారణలో ప్రకటిస్తే అక్కడ, ప్రకటించిన 30 రోజుల తర్వాతే అమలవుతుందన్నారు. జనానికి తెలియకుండా వాళ్ళ పెళ్ళిళ్ళు రద్దు కాకూడదని వాళ్ళ ఉద్దేశం. ఫలితం, ప్రొటెస్టంటు ప్రభువుల రాజ్యాల్లో చాలా చోట్ల అది ప్రకటనకే నోచుకోలేదు. అక్కడి కథోలికులకు పాత పద్ధతే నడిచింది. ఒక సరిహద్దుకు ఇటు చెల్లని పెళ్ళి అటు చెల్లేది.

రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. పెళ్ళికి గురువు ‘ఉండాలి’ అన్నారు గానీ ‘ఒప్పుకోవాలి’ అనలేదు. గురువు పని సాక్ష్యం వరకే. దీన్ని ఇటలీలో కుర్రకారు ఇట్టే పట్టేసింది. పెద్దలు కాదన్న జంట ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని, గురువు భోజనం దగ్గర ఉన్నప్పుడో, మంచం మీద ఉన్నప్పుడో లోపలికి జొరబడి, ‘ఈమె నా భార్య’, ‘ఇతను నా భర్త’ అని గబగబా అనేస్తే పని అయిపోయినట్టే. గురువు మాట విన్నాడా, మనుషుల్ని చూశాడా అన్నదే ప్రశ్న. అందుకే గురువులు చెవులు మూసుకోవడం, దీపం ఆర్పేయడం, బల్ల మీది గుడ్డ అమ్మాయి ముఖం మీదికి విసరడం లాంటివి చేసేవారు. ఇలా చేసుకున్నవాళ్ళకు శిక్ష పడవచ్చు, పెళ్ళి మాత్రం నిలుస్తుంది. మళ్ళీ అదే ‘తప్పే గానీ చెల్లుతుంది’. గురువు బలవంతం లేకుండా తానే అడిగి సమ్మతి స్వీకరించాలన్న నియమం 1907లో చేసి, 1908 నుంచి అమలు చేశాకే ఈ దారి మూసుకుపోయింది. అంటే లొసుగు పూడ్చడానికి 340 ఏళ్ళు పైనే పట్టింది.

ఇంగ్లండు విచిత్రం మరొకటి. పోపును కాదన్న ఇంగ్లండు, పోపు సభ మార్చేసిన పాత పోపుల చట్టాన్నే పట్టుకుని కూర్చుంది. 1753లో పార్లమెంటు చట్టం చేసి 1754 మార్చి 25 నుంచి అమలు చేసేదాకా అక్కడ రహస్య వివాహాలు చెల్లుబాటే. లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల సారాయి కొట్లలో అప్పులపాలైన గురువులు డబ్బు తీసుకుని పెళ్ళిళ్ళు చేసేవారు.

సరే, పెళ్ళి దగ్గర చాలాసేపు ఉన్నాం. పేదల పెట్టెకు వెళదాం.

ముష్టి వేయడం పాత క్రైస్తవంలో వేసినవాడికి పుణ్యం. అందుకే ముష్టివాడి అవసరం ఊరికి ఉంది. విశ్వాసం వల్లే రక్షణ, క్రియల వల్ల కాదని లూథర్ అన్నాక ఆ లెక్క కుదరదు. మరి పేదల్ని ఎవరు చూడాలి? జర్మనీలోని సాక్సనీలో లైస్నిగ్ అనే చిన్న ఊరు 1523లో ఒక పథకం రాసుకుంది, లూథర్ దానికి ముందుమాట రాసి అచ్చువేయించాడు. గుడిలో భద్రమైన చోట ఒక పెట్టె. దానికి నాలుగు తాళాలు, నాలుగూ వేర్వేరు. ఒక తాళంచెవి దొరల దగ్గర, ఒకటి నగర సభ దగ్గర, ఒకటి పట్టణవాసుల దగ్గర, ఒకటి చుట్టుపక్కల రైతుల దగ్గర. నలుగురూ వస్తేనే తెరుచుకుంటుంది. నిర్వాహకులు పదిమంది: ఇద్దరు దొరలు, ఇద్దరు నగర సభ సభ్యులు, ముగ్గురు పట్టణవాసులు, ముగ్గురు రైతులు. ప్రతి ఆదివారం పదకొండు నుంచి రెండు దాకా కూర్చోవాలి, పద్దులు రాయాలి. గుడి మాన్యాలు, భక్త సంఘాల నిధులు, కానుకలు అన్నీ ఇందులోకే. చాలకపోతే ఇంటింటికీ పన్ను. ఖర్చులు బోధకుడి జీతం, బడి పంతులు జీతం, పన్నెండేళ్ళలోపు ఆడపిల్లలకు చదువు చెప్పే ఒక స్త్రీ జీతం, ముసలివాళ్ళు, అనాథలు, పనిముట్లు కొనుక్కోవడానికి చేతివృత్తులవాళ్ళకు అప్పు, కరువు కోసం ధాన్యం నిల్వ. బయటి ఊరి ముష్టివాళ్ళకూ, భిక్షాటన చేసే సన్యాసులకూ ఊళ్ళో చోటు లేదు.

కాగితం మీద ఇంతకన్నా పకడ్బందీ పథకం ఆ కాలంలో అరుదు. అయినా ఆగిపోయింది. ఎందుకంటే పాత మాన్యాల నిధులు నగర సభ చేతిలో ఉన్నాయి, వాళ్ళు వదలలేదు. సాక్సనీ పాలకుడి నుంచి ఆమోదముద్ర రాలేదు. ఆదర్శంగా నిలవాల్సిన ఊళ్ళో బోధకుడు ఆకలికి ఊరొదిలే పరిస్థితి వచ్చిందని లూథరే 1524లో వాపోయాడు. తాళాలు ఎన్ని పెట్టినా, పెట్టెలోకి డబ్బు వచ్చే దారి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి.

దీన్ని బట్టి బిచ్చాన్ని ప్రొటెస్టంట్లు మాత్రమే అణిచారనుకోవద్దు. ఫ్లాండర్స్‌లోని ఈప్ర్ నగరం కథోలికమే, 1525లో ఇలాంటి పద్ధతే పెట్టింది. భిక్షువుల సంఘాలు ఫిర్యాదు చేస్తే, 1531లో పారిస్ వేదాంత పండితులు కొన్ని షరతులతో సరేనన్నారు. ఫ్రాన్సులోని లియోన్‌లో 1534 నుంచి నమోదైన పేదలకే వారం వారం రొట్టె. ‘ప్రొటెస్టంటు అంటే కష్టపడేవాడు, కథోలికుడు అంటే ముష్టి వేసేవాడు’ అన్న సూత్రం ఈ రెండు ఊళ్ళ ముందు నిలవదు. ధరలు పెరిగాయి, పట్టణాలు నిండాయి. మతం ఏదైనా పాలకులకు తలనొప్పి ఒక్కటే.

తేడా ఎక్కువగా కనబడేది మఠాల దగ్గర. ప్రొటెస్టంటు ఊళ్ళలో మఠాలు మూసేశారు. సన్యాసులకు బోధకులుగానో, చేతిపనివాళ్ళుగానో దారి ఉంది. మఠకన్యకు పెళ్ళి తప్ప పెద్దగా దారి లేదు. న్యూరెంబర్గ్‌లో మఠాధిపతి కారిటాస్ పిర్క్‌హైమర్ ఎదురు తిరిగింది. 1525 జూన్‌లో కొందరు తల్లులు వచ్చి, రామని ఏడుస్తున్న తమ కూతుళ్ళను బలవంతంగా బయటికి లాక్కుపోయారు. చివరికి లూథర్ సహచరుడు మెలాంక్‌థనే నచ్చజెప్పి, ఉన్నవాళ్ళను ఉండనిచ్చేలా చేశాడు, కొత్తవాళ్ళను చేర్చుకోకూడదన్న షరతుతో. కథోలికులు దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టారు. 1563లో ట్రెంట్, 1566లో ఐదో పయస్ పోపు, మఠకన్యలందరూ ప్రాకారం దాటకూడదని బిగించారు. మరి రోగుల్ని ఎవరు చూస్తారు? 1633లో ఫ్రాన్సులో విన్సెంట్ ద పాల్ అనే గురువు, లూయీజ్ ద మరియాక్ కలిసి ఒక ఉపాయం చేశారు. వాళ్ళ సోదరీమణులు శాశ్వత వ్రతం పట్టరు, ఏటేటా తిరిగి మాట ఇస్తారు. కాబట్టి చట్టం దృష్టిలో వాళ్ళు మఠకన్యలు కారు, ప్రాకారం నియమం వర్తించదు. ఊరి వీధులే వాళ్ళ ప్రాకారమని విన్సెంట్ చెప్పేవాడు.

చదువు గురించి ఒక్క మాట. లూథర్ 1529లో సాక్సనీ పల్లెల్లో జనానికి, కొందరు గురువులకు కూడా, పరలోక ప్రార్థనే రాదని చూసి ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకం రాశాడు. మనకు దీనితో నేరుగా సంబంధం ఉంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ దాన్ని తెలుగు చేసి 1746లో జర్మనీలోని హాలెలో అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి.

చివరిగా ఆ పుస్తకాలు, అంటే బాప్తిస్మం, పెళ్ళి, ఖననం చిట్టాలు. జ్యూరిక్ 1526లో బాప్తిస్మాల చిట్టా పెట్టించడానికి ఒక కారణం, పసిబిడ్డలకు బాప్తిస్మం వద్దనే అనబాప్తిస్టుల్ని పట్టుకోవడం. ఎవరి బిడ్డ పేరు లేదో వాళ్ళ మీద అనుమానం. వాళ్ళలో ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఇంగ్లండులో 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ: ప్రతి ఆదివారం పూజ తర్వాత గుడి పెద్ద ఎదుట ఆ వారం పేర్లు రాయాలి, పుస్తకం రెండు తాళాల పెట్టెలో ఉంచాలి, రాయకపోతే తప్పు ఒక్కంటికి 3 షిల్లింగుల 4 పెన్నీలు. పుట్టుక మీద పన్ను వేస్తారేమోనని జనం భయపడ్డారు. రోములో 1614 నాటి పూజావిధి పుస్తకం ఐదు చిట్టాలు పెట్టమంది. వాటిలో ఒకటి ఇంటింటి జాబితా, ఎవరు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకున్నారో మార్జిన్‌లో గుర్తుతో సహా.

మీలో ఎవరైనా వీటితో పరిశోధన చేస్తే మూడు చోట్ల కాలు జారుతుంది. ఇంగ్లండు చిట్టాలు చాలా ఊళ్ళలో 1558 నుంచే కనిపిస్తాయి. అంతకు ముందు రాయలేదని కాదు. 1598లో కాగితం చిట్టాల్ని తోలు ప్రతుల్లోకి ఎత్తి రాయమన్నప్పుడు, ‘ముఖ్యంగా ఎలిజబెత్ రాణి తొలి ఏడు నుంచి’ అన్నారు. ‘ముఖ్యంగా’ను పట్టుకుని గురువులు ముందటి ఇరవై ఏళ్ళు ఎగ్గొట్టారు. రెండు, అందులో ఉన్నది పుట్టిన తేదీ కాదు, బాప్తిస్మం తేదీ. ఆలోపే పోయిన పసికందులు చాలాసార్లు లెక్కలో ఉండరు, కాబట్టి శిశుమరణాలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. మూడు, ఇంగ్లండులో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. చిట్టాలో 1640 ఏప్రిల్‌లో పెళ్ళి, 1640 ఫిబ్రవరిలో బిడ్డ అని ఉంటే ఆ దంపతుల్ని అనుమానించకండి. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1641.

ఇక ప్రశ్నలుంటే అడగండి.